తనఖాలో పెట్టిన పేరు: 2008 మాంద్యాన్ని ఫోర్డ్ దాటిన తీరు

(వాణిజ్యశాస్త్ర విద్యార్థులు, చిన్న పరిశ్రమల యజమానులు హాజరైన సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు బ్యాలెన్స్ షీటు అంటే పరీక్షలో తప్పనిసరిగా వచ్చే ప్రశ్న. వెనుక వరుసల్లో కూర్చున్న పెద్దలకు అది మార్చి నెలాఖరులో నిద్ర పట్టనివ్వని కాగితం. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ఫోర్డ్ మోటార్ కంపెనీ గుర్తుకు వచ్చింది. 2008 నాటి ప్రపంచ ఆర్థిక మాంద్యంలో అమెరికా కార్ల పరిశ్రమ కుప్పకూలినంత పని అయింది. డెట్రాయిట్‌లోని మూడు పెద్ద కంపెనీల్లో క్రైస్లర్ 2009 ఏప్రిల్ 30న, జనరల్ మోటార్స్ అదే ఏడాది జూన్ 1న దివాలా చట్టం కింద రక్షణ కోరుతూ కోర్టు మెట్లెక్కాయి. మూడోదైన ఫోర్డ్ ఎక్కలేదు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నేను చెప్పదలచుకున్న విషయం. ఫోర్డ్ గట్టి కంపెనీ కనుక నిలబడిందని చాలామంది అనుకుంటారు గాని, లెక్కలు చూస్తే అలా అనిపించదు. తన రోగాన్ని రెండేళ్ల ముందే ఒప్పుకోక తప్పని స్థితికి అది చేరింది. ఆ స్థితిలోనే, అప్పు ఇంకా పుట్టే రోజుల్లోనే, ఇల్లూ వాకిలీ తనఖా పెట్టి డబ్బు తెచ్చుకుంది. ఈ రెండే దాన్ని కాపాడాయని నా అభిప్రాయం.

ముందుగా 2006 నాటి పరిస్థితి చూద్దాం. 1990లలో ఫోర్డ్ లాభాలన్నీ పెద్ద పికప్ ట్రక్కులు, ఎక్స్‌ప్లోరర్ వంటి ఎత్తయిన బండ్ల మీదే వచ్చేవి. ఆ డబ్బుతో కంపెనీ ఐరోపాలోని ఖరీదైన పేర్లన్నీ కొనుక్కుంటూ పోయింది. 1989లో జాగ్వార్, 1999లో వోల్వో కార్ల విభాగం, 2000లో ల్యాండ్ రోవర్ దాని చేతికి వచ్చాయి. చిన్న కార్లు, కుటుంబాలు వాడే మామూలు కార్ల విషయంలో మాత్రం టయోటా, హోండాలకు మైదానం వదిలేసినట్టే అయింది. పదవీ విరమణ చేసిన లక్షలాది కార్మికుల వైద్య ఖర్చులు ఏటేటా పెరుగుతూ వచ్చాయి. 2005 మే నెలలో, అప్పు తీర్చే శక్తికి రేటింగ్ ఇచ్చే స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ ఫోర్డ్ బాండ్లను, అంటే దాని అప్పు పత్రాలను, మార్కెట్ వాడుకలో చెప్పాలంటే ‘చెత్త’ స్థాయికి, అంటే డబ్బు తిరిగి రాదేమోనన్న భయం ఎక్కువున్న స్థాయికి, దించింది. 2006 జనవరిలో కంపెనీ తానే ఒక ప్రణాళిక ప్రకటించి, 2012 నాటికి 14 కర్మాగారాలు మూసివేస్తామని, 25 వేల నుంచి 30 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని చెప్పింది. ఇంత చేసినా ఆ ఏడాది నష్టం సుమారు 1,270 కోట్ల డాలర్లకు చేరింది. రోజు లెక్కన వేసుకుంటే మూడున్నర కోట్ల డాలర్ల దాకా వస్తుంది. ఆదివారాలు, పండుగలు కూడా కలుపుకునే ఆ లెక్క.

వ్యవస్థాపకుడు హెన్రీ ఫోర్డ్ మునిమనవడైన బిల్ ఫోర్డ్ అప్పటికి అయిదేళ్లుగా ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్నారు. 2006 సెప్టెంబరులో ఆయన ఆ బాధ్యతను తనంతట తాను వదులుకుని, బోయింగ్ విమానాల కంపెనీలో 37 ఏళ్లు పనిచేసిన అలన్ ములాలీని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. కుటుంబ వ్యాపారాలు నడుపుతున్న వారు ఈ సభలో చాలామంది ఉన్నారు కనుక ఈ ఒక్క వాక్యం దగ్గర కాస్త ఆగుతున్నాను. ప్రత్యేక తరగతి షేర్ల ద్వారా కంపెనీ ఓట్లలో సుమారు 40 శాతం తమ చేతిలో ఉన్న కుటుంబం, నష్టాలు ముదురుతున్న సమయంలో, కార్ల వ్యాపారంతో సంబంధమే లేని బయటి మనిషికి తాళాలు అప్పగించడం మన దగ్గర ఎంత అరుదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ములాలీ వచ్చిన మూడు నెలలకే, 2006 డిసెంబరులో, ఫోర్డ్ సుమారు 2,350 కోట్ల డాలర్ల నిధులు సమకూర్చుకుంది. అందులో 1,150 కోట్లు అవసరమైనప్పుడు తీసుకుని, తిరిగి కట్టి, మళ్లీ తీసుకోగల పరిమితి. అంటే మీ బ్యాంకులో మీకున్న క్యాష్ క్రెడిట్ వంటిదే, సున్నాలే ఎక్కువ. 700 కోట్లు ఏడేళ్ల గడువు రుణం. మిగిలిన 495 కోట్లు తరువాత షేర్లుగా మార్చుకోగల బాండ్లు. బాండ్లకు హామీ ఏమీ లేదు గాని, మొదటి రెండింటికీ కంపెనీ పెట్టిన హామీల జాబితా చదివితే గుండె జల్లుమంటుంది. అమెరికాలోని కర్మాగారాల్లో అధిక భాగం, వాటిలోని యంత్రాలు, తయారై ఉన్న సరుకు, వాహన రుణాలిచ్చే ఫోర్డ్ క్రెడిట్‌లోని వాటాలు, వోల్వోలోని వాటాలు అందులో ఉన్నాయి. ఎఫ్-150 ట్రక్కు, మస్టాంగ్ కారు పేర్లు ఉన్నాయి. చివరికి ప్రతి ఫోర్డ్ బండి ముందు భాగాన కనిపించే ఆ నీలిరంగు అండాకార ముద్ర కూడా ఉంది. 103 ఏళ్ల చరిత్రలో ఆ కంపెనీ ఆస్తులను తనఖా పెట్టి అప్పు తేవడం అదే మొదటిసారి. మన ఇళ్లలో గాజులు, గొలుసులు అన్నీ వెళ్లిపోయాక కూడా పుస్తెలతాడు మీద చెయ్యి వేయడానికి వెనకాడతారు. ఫోర్డ్ కుటుంబం తన ఇంటిపేరు రాసి ఉన్న ముద్రనే బ్యాంకర్ల ముందు పెట్టింది.

ఈ అప్పు గురించి తరువాతి కాలంలో ఒక పురాణం పుట్టింది. మాంద్యం రాబోతోందని ములాలీ ముందే కనిపెట్టి డబ్బు దాచుకున్నాడని వ్యాపార పాఠాల్లో చెబుతుంటారు. నాకు ఇది సగమే నిజమనిపిస్తుంది. ఆ డబ్బులో ప్రధాన భాగం కర్మాగారాలు మూయడానికి, ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ సొమ్ము చెల్లించడానికి, కొత్త మోడళ్లు తయారు చేయడానికి, అవి బజారులోకి వచ్చేదాకా తప్పని నష్టాలను భరించడానికి ఉద్దేశించింది. మాంద్యం గాని, ఊహించని మరో దెబ్బ గాని తగిలితే అడ్డుగా ఉంటుందన్న మాట కంపెనీ ప్రకటనలో ఉన్నది నిజమే. అది కారణాల్లో ఒకటి, చివరిది. రెండేళ్లలో ఏం జరగబోతోందో తెలిసి ఎవరూ సంతకం పెట్టలేదు. అప్పట్లో మార్కెట్ కూడా దీన్ని దూరదృష్టిగా చూడలేదు. ఇక తాకట్టు పెట్టడానికి ఏమీ మిగలని కంపెనీగా చూసింది.

అయితే సమయం కలిసివచ్చిందని కొట్టిపారేయడానికి కూడా లేదు. మా ఊళ్లో మా నాన్నగారు తొలకరికి ముందే, అంటే గాదెలో ఇంకా కొన్ని బస్తాల ధాన్యం ఉన్నప్పుడే, అమ్మ మెడలోని నాను కుదువ పెట్టేవారు. పైరు ఎండాక వెళితే షావుకారు నగను తూచడు, మన ముఖాన్ని తూస్తాడు అనేవారు. ఫోర్డ్ అప్పు చేసిన ఏడు నెలలకే, 2007 జూలైలో, క్రైస్లర్‌ను సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థ కొంటున్నప్పుడు ఆ కొనుగోలు కోసం ఏర్పాటు చేసిన రుణాలను బ్యాంకులు మదుపరులకు అమ్మజూపితే కొనేవారు కరువై వాయిదా వేసుకోవలసి వచ్చింది. ఆగస్టు నాటికి అప్పుల మార్కెట్ బిగుసుకుపోయింది. అదే పరిశ్రమ, దాదాపు అదే స్థాయి రోగి, ఏడు నెలల తేడా.

ఇక్కడ పాత కథ ఒకటి చెప్పకపోతే ఈ తనఖాలోని చోద్యం పూర్తిగా అర్థం కాదు. ఇదే కంపెనీ 1920లో కూడా మాంద్యంలో చిక్కుకుంది. అంతకుముందు ఏడాది హెన్రీ ఫోర్డ్ మిగతా వాటాదారులందరి వాటాలూ పది కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి కొనేసి, అందుకోసం భారీగా అప్పు చేశాడు. ఆ బాకీ తీరే గడువు దగ్గర పడుతుండగా కార్ల గిరాకీ పడిపోయింది. బ్యాంకర్లంటే ఒళ్లు మంట గల హెన్రీ ఫోర్డ్ వారి గడప తొక్కడానికి ఇష్టపడలేదు. 1920 డిసెంబరు చివర్లో హైలాండ్ పార్క్ కర్మాగారాన్ని కొన్ని వారాలు మూసివేశాడు, ఖర్చులను నిర్దాక్షిణ్యంగా కోశాడు, తరువాత తయారైన కార్లను డీలర్లు అడిగినా అడగకపోయినా వారి ఊళ్లకు రైళ్లలో పంపి, దిగుమతి చేసుకునేటప్పుడే రొక్కం కట్టమన్నాడు. కట్టకపోతే డీలర్‌షిప్ పోతుంది. గత్యంతరం లేక వేలాది డీలర్లు తమ ఊరి బ్యాంకులో అప్పు చేసి ఆ డబ్బు కట్టారు. కొన్ని నెలల్లోనే ఫోర్డ్ బాకీలు తీరిపోయాయి. బ్యాంకర్ల ముందు చెయ్యి చాచకుండా గట్టెక్కాడని హెన్రీ ఫోర్డ్‌ను అప్పట్లో పొగిడారు. నిజానికి అప్పు ఎక్కడికీ పోలేదు. చిన్నవాడి నెత్తి మీదికి మారింది. మాంద్యం వచ్చినప్పుడు పెద్ద కంపెనీ ఎలా తట్టుకుందన్న ప్రశ్న వెనుక, ఆ బరువు చివరికి ఎవరు మోశారన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. దాన్ని మనసులో ఉంచుకుని మళ్లీ 2006కు వద్దాం.

డబ్బు చేతికి వచ్చాక మాంద్యం ముదిరేదాకా ఫోర్డ్‌కు దొరికిన వ్యవధి రెండేళ్ల కంటే తక్కువ. ఆ వ్యవధిలో ఏం జరిగిందో చూపడానికి ఒక గదిలోకి తీసుకువెళతాను. డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న డియర్‌బోర్న్‌లోని ప్రధాన కార్యాలయంలో ములాలీ ప్రతి గురువారం ఉదయం అధిపతులందరితో సమీక్ష మొదలుపెట్టారు. ప్రతి అధికారీ తన విభాగం పటాలను తెర మీద చూపాలి. పని అనుకున్నట్టు సాగుతుంటే ఆకుపచ్చ, ఇబ్బంది ఉంటే పసుపు, దారి తప్పితే ఎరుపు రంగు వేయాలి. మొదటి వారాల్లో తెర అంతా పచ్చగా ఉండేది. ఏడాదికి వేల కోట్ల డాలర్లు పోగొట్టుకుంటున్న కంపెనీలో ఒక్క పనీ దారి తప్పలేదా అని ములాలీ అడిగారు. ఆ తరువాత ఒక గురువారం, అమెరికా ఖండాల విభాగం చూస్తున్న మార్క్ ఫీల్డ్స్ తన పటం మీద ఎరుపు వేసుకుని వచ్చారు. కెనడాలోని ఓక్‌విల్ కర్మాగారంలో తయారవుతున్న ఎడ్జ్ అనే కొత్త వాహనంలో సాంకేతిక లోపం బయటపడింది, విడుదల ఆపవలసి వచ్చింది. గది నిశ్శబ్దమైపోయింది; ఫీల్డ్స్ ఉద్యోగం ఆ పూటతో సరి అని పక్కవాళ్లు అనుకున్నారట. ములాలీ చప్పట్లు కొట్టి, దీనికి ఎవరు సాయం చేయగలరని అడిగారు. ఆ తరువాతి వారాల్లో తెర మీద రంగులు మారడం మొదలైంది. ఇలాంటి కథలకు చెప్పేకొద్దీ మెరుగు పెరుగుతుందని నాకూ తెలుసు. అయినా ఇందులోని లెక్కల కోణం నాకు ముఖ్యం. అప్పిచ్చినవాడి దగ్గర దాచడం ఒక ఎత్తయితే, తన ఇంట్లో తనకే తెలియకుండా నష్టాన్ని దాచుకోవడం మరో ఎత్తు. 2008 శరదృతువులో నగదు వారం వారం కరిగిపోతున్నప్పుడు, నిజమైన అంకె ఏ రోజుకారోజు పై అధికారికి చేరడం ప్రాణావసరం అయింది.

రెండో పని అమ్మకాలు. కార్ల అమ్మకాలు కావు, కంపెనీల అమ్మకాలు. ఫోర్డ్ చేతిలోనే ఉన్న బ్రిటన్ కార్ల కంపెనీ ఆస్టన్ మార్టిన్ 2007లో వెళ్లిపోయింది. జాగ్వార్, ల్యాండ్ రోవర్ కలిపి 2008 జూన్‌లో 230 కోట్ల డాలర్లకు మన టాటా మోటార్స్ చేతికి వచ్చాయి. ఆ రెండింటినీ కొనడానికి ఫోర్డ్ పెట్టిన సొమ్ములో అది సగం కూడా లేదు. చవకగా అమ్మేశారని అప్పట్లో విమర్శలు వచ్చాయి. తరువాతి సంవత్సరాల్లో ల్యాండ్ రోవర్ టాటాలకు కురిపించిన లాభాలు చూసినవారు ఇప్పటికీ ఆ మాటే అంటారు. కాని తారీఖు చూడండి. మూడు నెలల తరువాత, సెప్టెంబరు 15న, అమెరికాలోని పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ తరువాత ఆ ధరకు కొనేవారు దొరికి ఉండేవారా? కొన్న టాటాలే ఆ కొనుగోలు కోసం తెచ్చిన తాత్కాలిక రుణం తీర్చడానికి నానా తంటాలు పడ్డారు. 2008–09లో టాటా మోటార్స్ అన్ని కంపెనీలూ కలిపి చూపిన నష్టం 2,500 కోట్ల రూపాయల వరకు ఉంది. ఒకరు మాంద్యం ముందు వదిలించుకున్న బరువును మరొకరు మాంద్యమంతా మోసి, ఆ తరువాత ఫలితం తిన్నారు. ఎవరిది తెలివైన బేరం అన్నదానికి ఏ సంవత్సరంలో నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. జపాన్ కార్ల కంపెనీ మాజ్డాలో ఉన్న మూడో వంతు వాటాలో అధిక భాగాన్ని 2008 నవంబరులో అమ్మేశారు; వోల్వో 2010లో చైనాకు చెందిన గీలీకి వెళ్లింది. మెర్క్యురీ అనే సొంత పేరును 2010లో మూసివేయడానికే నిర్ణయించారు.

మూడో పని కార్లు. ఒకే ఫోకస్ అనే పేరుతో అమెరికాలో పాత నిర్మాణం మీద ఒక కారు, ఐరోపాలో కొత్త నిర్మాణం మీద మరో కారు తయారవుతూ ఉండేవి. రెండు డిజైన్లు, రెండు సెట్ల అచ్చులు, రెండు పరీక్షలు, పేరు మాత్రం ఒకటే. ‘ఒకే ఫోర్డ్’ అన్న నినాదంతో ములాలీ చేసిందల్లా ఈ రెండిళ్ల కాపురాన్ని ఆపడం. 2008 జూలైలో ముడి చమురు పీపా 147 డాలర్లకు చేరి, అమెరికాలో గాలన్ పెట్రోలు నాలుగు డాలర్లు దాటినప్పుడు, ఫోర్డ్ ఒక్క త్రైమాసికంలోనే సుమారు 870 కోట్ల డాలర్ల నష్టం ప్రకటించి, అదే రోజున మూడు ట్రక్కు కర్మాగారాలను చిన్న కార్ల తయారీకి మారుస్తామని చెప్పింది. చేతిలో తెచ్చి పెట్టుకున్న అప్పు లేకపోతే అలాంటి మార్పుకు డబ్బు ఎవరూ ఇచ్చి ఉండేవారు కారు.

ఇక అసలు తుఫాను. 2007లో అమెరికాలో కోటీ 61 లక్షల వాహనాలు అమ్ముడుపోయాయి. 2008లో కోటీ 32 లక్షలు. 2009లో కోటీ 4 లక్షలు. రెండేళ్లలో మూడో వంతు గిరాకీ మాయమైంది. అమ్మకాలు తగ్గితే లాభం తగ్గుతుందని అందరికీ తెలుసు. కాని కార్ల కంపెనీ చేతిలోని నగదు అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా ఆవిరైపోతుంది. ఎందుకో విద్యార్థులు శ్రద్ధగా వినాలి. కారు కర్మాగారం గేటు దాటి డీలరు దగ్గరికి బయలుదేరగానే, డీలరు తరఫున ఫైనాన్స్ సంస్థ డబ్బు చెల్లిస్తుంది. కారు చివరి కొనుగోలుదారుకు చేరడం తరువాతి సంగతి. కాని ఆ కారులోని సీట్లు, అద్దాలు, వైర్ల కట్టలు, ఇనుప రేకులు సరఫరా చేసినవారికి కంపెనీ డబ్బు కట్టేది నెల, నెలన్నర తరువాతే. అంటే పని సాఫీగా సాగినంతకాలం సరఫరాదారుల సొమ్ము కొన్ని వారాల పాటు కంపెనీ చేతిలో వడ్డీ లేకుండా తిరుగుతూ ఉంటుంది. ఉత్పత్తి హఠాత్తుగా తగ్గిందనుకోండి: కొత్త కార్ల మీద వచ్చే జమ ఈ నెలే పడిపోతుంది, చెల్లించవలసిన బిల్లులు మాత్రం నెలన్నర కిందటి పెద్ద ఉత్పత్తి తాలూకువి వచ్చి ముందు నిలబడతాయి. చెరువుకు వచ్చే వాగు ఎండిపోయింది, తూము మాత్రం తెరిచే ఉంది.

ఫోర్డ్ వాహన వ్యాపారం చేతిలో 2007 చివర 3,460 కోట్ల డాలర్ల నగదు ఉండేది. 2008 చివరికి మిగిలింది 1,340 కోట్లు. ఒక్క ఏడాదిలో 2,100 కోట్ల డాలర్లకు పైగా కరిగిపోయింది. 2006లో సమకూర్చుకున్న నిధుల మొత్తానికి ఇది ఇంచుమించు సరిపోతుంది. ఆ అప్పు లేకుండా ఈ తీసివేత మీరే చేసి చూడండి. షేరు ధర 2008 నవంబరులో ఒక డాలరు దరిదాపులకు పడిపోయింది. ఆ ఏడాది నష్టం సుమారు 1,470 కోట్ల డాలర్లు, 2006 కంటే ఎక్కువ.

ఆ నవంబరులోనే మూడు కంపెనీల అధిపతులూ సాయం అడగడానికి వాషింగ్టన్ వెళ్లారు. వేర్వేరు సొంత జెట్ విమానాల్లో వచ్చి చెయ్యి చాచారని చట్టసభ సభ్యులు దులిపేశారు. డిసెంబరులో రెండోసారి పిలిచినప్పుడు ములాలీ హైబ్రిడ్ ఎస్కేప్ వాహనంలో 500 మైళ్లకు పైగా రోడ్డు మీద వెళ్లారు. పత్రికలు విమానాల గురించి, వాహనాల గురించి రాసినంతగా అసలు కోరిక గురించి రాయలేదు. ఫోర్డ్ తనకు వెంటనే డబ్బు వద్దని, అవసరమైతే వాడుకోవడానికి 900 కోట్ల డాలర్ల రుణ పరిమితి ఉంటే చాలని చెప్పి, పోటీదారులకు మాత్రం సాయం చేయమని గట్టిగా అడిగింది. పక్క దుకాణం మూతపడితే మనకు గిరాకీ పెరుగుతుంది కదా, ఇదేం వింత అనిపించవచ్చు. కారణం సరఫరాదారులు. ఫోర్డ్‌కు విడిభాగాలిచ్చే కంపెనీల్లో అత్యధికం జనరల్ మోటార్స్‌కు, క్రైస్లర్‌కు కూడా ఇస్తాయి. జనరల్ మోటార్స్ బిల్లులు కట్టడం ఆపేస్తే సీట్ల కంపెనీ మూతపడుతుంది. సీట్లు రాకపోతే ఫోర్డ్ లైను కూడా ఆగుతుంది. ఒక్క సీటు లేకపోయినా కారు పూర్తికాదు. ఈ భయం ఊహ కాదని తరువాతి ఏడాదే తేలింది: ఫోర్డ్ నుంచే 2000లో విడిపోయిన విస్టియాన్ 2009 మేలో, సీట్ల తయారీలో పెద్దదైన లియర్ జూలైలో దివాలా రక్షణకు వెళ్లాయి. అయితే జనరల్ మోటార్స్, క్రైస్లర్‌లకు 2008 డిసెంబరు 19న ప్రభుత్వం ప్రకటించిన 1,740 కోట్ల డాలర్లు, ఆ తరువాత ఇచ్చిన మరింత డబ్బు ఆ గొలుసు మొత్తం తెగిపోకుండా ఆపాయి. అందుకే ప్రభుత్వ సాయం లేకుండా ఫోర్డ్ నిలబడిందన్న మాట అక్షరాలా నిజమైనా, నేలంతా కుంగకుండా ప్రభుత్వం ఆనించిన స్తంభాల మీదే అది కూడా నిలబడింది. ఫోర్డ్ క్రెడిట్ వాణిజ్య పత్రాలను, అంటే కొద్ది నెలల గడువు అప్పు పత్రాలను, కొన్నాళ్లు అమెరికా కేంద్ర బ్యాంకు పథకమే కొన్నది. ఇంధనం ఆదా చేసే వాహనాల తయారీకి ఇంధన శాఖ 2009 జూన్‌లో 590 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఇవి ‘బెయిలవుట్’ కావు. కాని సొంత కాళ్ల కథ చెప్పేటప్పుడు వీటిని దాటవేయడం న్యాయం కాదు.

2009లో జరిగిన అప్పుల బేరం ఒకటి వినండి. ఫోర్డ్ దివాలా తీస్తుందేమోనన్న భయంతో దాని అప్పు పత్రాలు బజారులో ముఖ విలువ కంటే బాగా తక్కువకు దొరుకుతున్నాయి. ఏప్రిల్ నాటికి కంపెనీ 240 కోట్ల డాలర్ల నగదు, 46.8 కోట్ల షేర్లు ఇచ్చి 990 కోట్ల డాలర్ల అప్పును రద్దు చేయించుకుంది. తన మీద లోకానికి ఉన్న అపనమ్మకాన్నే చవకగా కొనుక్కోవడమంటే ఇదే. చేతిలో నగదు ఉన్నవాడికే ఈ వెసులుబాటు. అంతకుముందే, ఏడాది ఆరంభంలో, బ్యాంకుల దగ్గరున్న రుణ పరిమితి నుంచి 1,010 కోట్ల డాలర్లు తీసి పెట్టుకుంది. ఆ బ్యాంకులే ఎన్నాళ్లు నిలుస్తాయో తెలియని రోజులవి. మే నెలలో షేరు 4.75 డాలర్ల చొప్పున 30 కోట్ల కొత్త షేర్లు అమ్మింది. ఆ ఏడాది ఫోర్డ్ 270 కోట్ల డాలర్ల లాభం చూపింది. అమెరికా మార్కెట్లో దాని వాటా 1995 తరువాత మొదటిసారి పెరిగింది. ప్రభుత్వ డబ్బు తీసుకోలేదన్న మాట కొనుగోలుదారుల్లో బాగా పనిచేసింది.

బరువు ఎవరు మోశారన్న ప్రశ్నను ఇంతసేపూ పక్కన పెట్టాను. 2005లో మూడు లక్షల దాకా ఉన్న ఫోర్డ్ ఉద్యోగుల సంఖ్య 2009 చివరికి రెండు లక్షల లోపుకు దిగింది. అందులో కొంత భాగం అమ్మేసిన కంపెనీలతో వెళ్లినవారు, పెద్ద భాగం స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటికి పోయినవారు. పని చేస్తున్న కార్మికులు 2009 మార్చి ఒప్పందంలో ధరల పెరుగుదలకు ఇచ్చే భత్యాన్ని, కొన్ని బోనస్‌లను వదులుకున్నారు. రిటైరైనవారి వైద్య నిధికి కంపెనీ కట్టవలసిన నగదులో సగం దాకా షేర్ల రూపంలో ఇవ్వడానికి కార్మిక సంఘం ఒప్పుకుంది. షేరు విలువ రెండు, మూడు డాలర్లున్న రోజుల్లో తమ వైద్యాన్ని ఆ షేరుతో ముడివేసుకున్న ముసలివాళ్ల ధైర్యం గురించి వ్యాపార పాఠాల్లో ఎక్కడా కనపడదు. అట్లాంటాలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. విమానాశ్రయం పక్కన పోర్షె కంపెనీ అమెరికా ప్రధాన కార్యాలయం, పరీక్షా ట్రాక్ వారికి కనిపిస్తూ ఉంటాయి. అదే నేల మీద హేప్‌విల్ కర్మాగారంలో, 2006 అక్టోబరులో అది మూతపడేదాకా, ఫోర్డ్ టారస్ కార్లు తయారయ్యేవి.

మనకు దగ్గరలో జరిగింది ఇంకోలా ఉంది. చెన్నై పక్కన మరైమలై నగర్ కర్మాగారంలో 50 కోట్ల డాలర్ల విస్తరణను ఫోర్డ్ 2008 జనవరిలో ప్రకటించి, మాంద్యంలో కూడా ఆపలేదు. అక్కడి నుంచే 2010 మార్చిలో ఫిగో వచ్చింది. మన రోడ్ల మీద ఆ చిన్న కార్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అంత కష్టంలో నిలబెట్టిన ఆ కర్మాగారంలో తయారీని అదే కంపెనీ, మాంద్యమేమీ లేని కారణాలతో, మూసివేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది.

తనఖా సంగతి ముగిస్తాను. ఫిచ్ అనే రేటింగ్ సంస్థ, ఆ వెంటనే 2012 మే 22న అలాంటిదే అయిన మూడీస్, ఫోర్డ్ బాండ్లను మళ్లీ మదుపుకు తగిన స్థాయికి చేర్చడంతో, ఒప్పందం ప్రకారం హామీలన్నీ విడుదలయ్యాయి. కర్మాగారాలు, మస్టాంగ్ పేరు, నీలి ముద్ర అయిదున్నరేళ్లకు ఇంటికి తిరిగి వచ్చాయి. 2020 మార్చిలో కోవిడ్ వచ్చింది. 19వ తేదీన, ఉత్తర అమెరికా కర్మాగారాలు ఆగిన రోజునే, ఫోర్డ్ తన రుణ పరిమితుల నుంచి 1,540 కోట్ల డాలర్లు తీసుకుంటున్నట్టు ప్రకటించి డివిడెండు ఆపేసింది. వారం తిరక్కుండా బాండ్లు మళ్లీ ‘చెత్త’ స్థాయికి వెళ్లాయి. ఏప్రిల్‌లో మరో 800 కోట్ల డాలర్లు బాండ్ల ద్వారా తెచ్చింది. ఈసారి ముద్రను తాకట్టు పెట్టలేదు, కర్మాగారాలనూ పెట్టలేదు. హామీ లేని అప్పే. అందులో పదేళ్ల బాండ్ల మీద ఒప్పుకున్న వడ్డీ 9.625 శాతం.